అంధులకు కంప్యూటరు సాఫ్టువేరు అందుబాటు

అంధులకు సాఫ్టువేరు అందుబాటు అనగా, అందరి కొరకు తయారైన సాధారణ కంప్యూటరు ప్రోగ్రాములను చూపులేనివారు కూడా, ఇతరుల సహాయం లేకుండా స్వయంగా ఉపయోగించుకోగలిగే స్థితి. వ్రాతపనికి వాడే ప్రోగ్రాములు, లెక్కల పట్టికలు, ఈమెయిలు, వెబ్ బ్రౌజర్లు, బ్యాంకు సేవలు, పరీక్షల దరఖాస్తులు మొదలైనవన్నీ ఈ కోవలోకి వస్తాయి. వీటిలో ప్రతిదానికీ అంధుల కోసం వేరొక ప్రోగ్రాము తయారుచేయవలసిన అవసరం లేదు. తెర మీద ఉన్నదానిని మాటగా గాని, బ్రెయిలీగా గాని మార్చి అందించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్టువేరు సాయంతో, అందరూ వాడే ప్రోగ్రామునే అంధులు కూడా వాడతారు. అయితే స్క్రీన్ రీడర్ ఎంత మేలైనదైనా, ఎదుటి ప్రోగ్రాము తన గురించి తాను చెప్పుకోనిదే అది చేయగలిగినది చాలా తక్కువ. కనుక ఒక సాఫ్టువేరు అంధులకు అందుతుందా లేదా అన్నది ప్రధానంగా దానిని తయారుచేసినవారి మీదనే ఆధారపడి ఉన్నది.

2011 జనగణన ప్రకారం భారతదేశంలో దృష్టి వైకల్యం గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. చదువు, ఉద్యోగం, బ్యాంకు లావాదేవీలు, ప్రభుత్వ సేవలు కంప్యూటరు మీదికీ, చరవాణి మీదికీ మారినకొద్దీ ఈ విషయం ప్రాముఖ్యం పెరిగినది. ఒక బటన్‌కు పేరు పెట్టకపోవడం వలన ఒకరి ఉద్యోగ దరఖాస్తు గడువులోపల చేరకపోవచ్చును. ఒక పెట్టెను కీబోర్డుతో నింపే వీలు లేకపోవడం వలన, తన బ్యాంకు ఖాతా పాస్‌వర్డును పక్కవారికి చెప్పవలసి రావచ్చును.

స్క్రీన్ రీడర్ పనిచేయు విధానం

అంధులు సాధారణంగా మౌస్ వాడరు. మౌస్ సూచిక తెర మీద ఎక్కడ ఉన్నదో కనబడదు గనుక పనులన్నీ కీబోర్డు ద్వారా చేస్తారు. ట్యాబ్ కీ నొక్కితే ఒక అంశం నుండి తరువాతి అంశానికి వెళ్ళవచ్చును. బాణపు గుర్తుల కీలతో పంక్తి పంక్తిగా, పదం పదంగా, అక్షరం అక్షరంగా చదివించుకోవచ్చును. తాము టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ కూడా వినవచ్చును. అలవాటు పడినవారు మాట వేగాన్ని బాగా పెంచుకొని వింటారు. ఆ వేగంలో కొత్తవారికి ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

మాట వినడమే గాక, బ్రెయిలీ ప్రదర్శక పరికరాన్ని కంప్యూటరుకు తగిలించి వేళ్ళతో చదువుకొనే వీలు కూడా ఉన్నది. ఇందులో సన్నని సూదుల వంటి చుక్కలు పైకి లేస్తూ, దిగుతూ ఒక్కొక్క పంక్తిని చూపుతాయి. వర్ణక్రమం, విరామచిహ్నాలు, ప్రోగ్రామింగు వంటి చోట్ల బ్రెయిలీ మిక్కిలి ఉపయోగకరం. చూపూ, వినికిడీ రెండూ లేనివారికి ఇది ఒక్కటే ఆధారం. కాని ఈ పరికరాలు ఖరీదైనవి.

స్క్రీన్ రీడర్ తెరను కన్నులతో చూసినట్లు చూడదు. ప్రతి అంశం గురించి ప్రోగ్రామును మూడు సంగతులు అడుగుతుంది. దాని పేరు ఏమిటి? అది ఏ రకానికి చెందినది? ప్రస్తుతం ఏ స్థితిలో ఉన్నది? ఉదాహరణకు ఒక దరఖాస్తులో "నిబంధనలకు అంగీకరిస్తున్నాను" అనే గడి ఉన్నదనుకుందాం. పేరు "నిబంధనలకు అంగీకరిస్తున్నాను", రకం చెక్ బాక్స్, స్థితి "టిక్కు పెట్టలేదు". ఈ మూడూ ప్రోగ్రాము అందిస్తే స్క్రీన్ రీడర్ మూడూ పలుకుతుంది. స్పేస్ బార్ నొక్కగానే స్థితి మారినదని కూడా చెబుతుంది. ప్రోగ్రాము ఈ సమాచారం ఇవ్వకుండా కేవలం ఒక చదరపు బొమ్మను గీసి ఊరుకుంటే, చూపున్నవారికి అది గడిగానే కనబడుతుంది. స్క్రీన్ రీడర్‌కు మాత్రం అక్కడ ఏమీ లేనట్లే లెక్క.

ఈ ప్రశ్నలకు జవాబులు అందేందుకు నిర్వాహక వ్యవస్థలో ఒక ప్రత్యేకమైన మార్గం ఉంటుంది. విండోస్‌లో మొదట మైక్రోసాఫ్ట్ యాక్టివ్ యాక్సెసిబిలిటీ, తరువాత యూఐ ఆటోమేషన్ అనేవి ఇందుకే ఏర్పడినవి. మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్‌లకు కూడా ఇటువంటి మార్గాలు వేరువేరుగా ఉన్నాయి. ప్రోగ్రాము తయారీదారు నిర్వాహక వ్యవస్థతో వచ్చే మామూలు బటన్లు, జాబితాలు, మెనూలు వాడితే చాలావరకు ఈ సమాచారం దానంతట అదే అందుతుంది. అందం కోసమో, వైవిధ్యం కోసమో సొంతంగా గీసుకొన్న బటన్లు వాడితే ఆ సమాచారాన్ని తయారీదారే విడిగా చేర్చవలసి ఉంటుంది. చిక్కులలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

చరిత్ర

1980లలో డాస్ వంటి వ్యవస్థలలో తెర మీద అక్షరాలు తప్ప వేరేమీ ఉండేవి కావు. తెరపై ఉన్న అక్షరాలన్నీ కంప్యూటరు జ్ఞాపకశక్తిలో ఒక చోట వరుసగా ఉండేవి గనుక వాటిని తీసి పలికించడం కొంత సులువు. ఐబీఎం సంస్థలో గణిత శాస్త్రజ్ఞుడైన జిమ్ థాచర్ డాస్ కొరకు ఒక స్క్రీన్ రీడర్ రూపొందించాడు. ఆయన పరిశోధనకు మార్గదర్శకుడూ, తరువాత సహోద్యోగీ అయిన జెస్సీ రైట్ అంధుడు. స్క్రీన్ రీడర్ అనే మాట ఈ ఉత్పత్తి పేరు నుండే వాడుకలో స్థిరపడినది. 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ అమెరికాలో హెంటర్-జాయిస్ అనే సంస్థను స్థాపించి, 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను విడుదల చేశాడు.

ఇంతలో బొమ్మల తెరలు వచ్చాయి. 1984లో మెకింటాష్, 1990లో విండోస్ 3.0, 1995లో విండోస్ 95 విడుదల అయినవి. చూపున్నవారికి కంప్యూటరును సులభం చేసిన ఈ మార్పే అంధులకు పెద్ద అవరోధమైనది. అక్షరాలు అక్షరాలుగా కాక చుక్కల బొమ్మలుగా తెర మీదికి వెళ్ళసాగాయి. డాస్ మీద ఉద్యోగాలు చేసుకొంటున్న అంధులు, తమ కార్యాలయాలు విండోస్‌కు మారితే ఉద్యోగమే పోతుందేమోనని భయపడవలసి వచ్చినది. 1989లో బర్కిలీ సిస్టమ్స్ సంస్థ మెకింటాష్ కొరకు అవుట్‌స్పోకెన్ అనే స్క్రీన్ రీడర్ తెచ్చి, బొమ్మల తెరను కూడా చదివించవచ్చునని నిరూపించినది. 1995లో జాస్ కూడా విండోస్ మీదికి వచ్చినది.

ఆనాటి విండోస్ స్క్రీన్ రీడర్లు ఒక విధమైన పొంచి వినే పద్ధతిని అనుసరించేవి. ప్రోగ్రాము తెరపై గీయమని విండోస్‌కు ఇచ్చే ఆదేశాలను మధ్యలో పట్టుకొని, ఏ అక్షరం ఎక్కడ పడినదో తమ వద్ద ఒక నకలు తయారుచేసుకొనేవి. అక్షరాలు దొరికేవి గాని, అవి బటన్ మీదివా, శీర్షికా, మామూలు పాఠ్యమా అన్నది ఊహించుకోవలసి వచ్చేది. 1997లో వెలువడిన మైక్రోసాఫ్ట్ యాక్టివ్ యాక్సెసిబిలిటీతో, ప్రోగ్రాములే తమ గురించి తాము చెప్పుకొనే పద్ధతి విండోస్‌లో ప్రారంభమైనది. విండోస్ విస్టాతో యూఐ ఆటోమేషన్ దానికి తోడయినది.

ఉచిత స్క్రీన్ రీడర్లు

జాస్ వంటి స్క్రీన్ రీడర్ల వెల చాలాకాలం కంప్యూటరు వెలను మించి ఉండేది. మన దేశం వంటి చోట్ల అది సామాన్యుల అందుబాటులో లేదు. ఈ పరిస్థితిని మార్చినవి రెండు పరిణామాలు.

మొదటిది, స్క్రీన్ రీడర్ నిర్వాహక వ్యవస్థలో అంతర్భాగం కావడం. 2005లో ఆపిల్ సంస్థ మ్యాక్ ఓఎస్ టెన్ 10.4తో వాయిస్‌ఓవర్‌ను చేర్చి ఇచ్చినది. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో కూడా అది వచ్చినది. బటన్లు లేని నున్నటి గాజుతెర అంధులకు ఎన్నటికీ పనికిరాదని అంతవరకు చాలామంది భావించేవారు. తెర మీద వేలు జరుపుతూ పోతే వేలి కింద ఉన్నది పలకడం, రెండుసార్లు తడితే అది పనిచేయడం అనే పద్ధతితో ఆ అభిప్రాయం మారిపోయినది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ అనేది ఇదే పనిచేస్తుంది. విండోస్ 2000 నుండి నేరేటర్ అనే చిన్న స్క్రీన్ రీడర్ ఉన్నప్పటికీ, అది రోజువారీ పనికి చాలినంతగా ఎదిగినది విండోస్ 10 కాలంలోనే. లినక్స్‌లో ఓర్కా అనే స్క్రీన్ రీడర్ 2006లో గ్నోమ్ 2.16తో కలిసి వచ్చినది.

రెండవది, ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు మైఖేల్ కర్రన్ 2006లో దీనిని మొదలుపెట్టాడు. మరొక అంధ ప్రోగ్రామరు జేమ్స్ టే ఆయనతో చేరాడు. వీరిద్దరూ 2007లో ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థను స్థాపించారు. ఎన్‌వీడీఏ విండోస్‌పై పనిచేసే ఉచిత, స్వేచ్ఛా సాఫ్టువేరు. దీనిని ప్రపంచ వ్యాప్తంగా స్వచ్ఛంద కార్యకర్తలు తమ తమ భాషలలోకి అనువదిస్తున్నారు. వెబ్‌ఎయిమ్ అనే సంస్థ 2023 డిసెంబరు, 2024 జనవరి నెలలలో జరిపిన సర్వేలో, తమ ప్రధాన స్క్రీన్ రీడర్ జాస్ అని 40.5 శాతం మంది, ఎన్‌వీడీఏ అని 37.7 శాతం మంది చెప్పారు.

మసాచుసెట్స్ ఉదంతం

పదిమందికి మేలు చేసే మార్పు కూడా అంధులను లెక్కలోకి తీసుకోకపోతే ఎట్లా ఆగిపోగలదో తెలుసుకొనేందుకు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జరిగిన ఉదంతం మంచి ఉదాహరణ.

ప్రభుత్వ పత్రాలు ఏ ఒక్క కంపెనీ సొత్తుగా ఉండే ఫైలు రూపంలోనూ ఉండకూడదని, అందరికీ తెరచి ఉన్న ఓపెన్ డాక్యుమెంట్ రూపంలో భద్రపరచాలని 2005 సెప్టెంబరులో ఆ రాష్ట్రం నిర్ణయించినది. 2007 జనవరి నుండి అది అమలు కావలెను. స్వేచ్ఛా సాఫ్టువేరు అభిమానులు ఈ నిర్ణయాన్ని హర్షించారు. కాని ఆ రూపాన్ని వాడే ఓపెన్‌ఆఫీస్ వంటి ప్రోగ్రాములు ఆనాటి విండోస్ స్క్రీన్ రీడర్లతో సరిగా పనిచేసేవి కావు. మైక్రోసాఫ్ట్ ఆఫీసుకు సంవత్సరాల తరబడి అలవాటు పడి, దానితోనే ఉద్యోగాలు చేస్తున్న అంధ ఉద్యోగులు ఈ మార్పుతో తమ పని తాము చేసుకోలేని స్థితి వస్తుందని అభ్యంతరం తెలిపారు. వికలాంగుల సంఘాలు వారికి తోడుగా నిలిచాయి.

ఇక్కడ రెండు పక్షాల వాదనలోనూ న్యాయం ఉన్నది. ప్రజల పత్రాలు ప్రజలందరికీ తెరచి ఉండాలన్నది ఒకటి. ఆ ప్రజలలో అంధులు కూడా ఉన్నారన్నది రెండవది. చివరకు రాష్ట్రం మైక్రోసాఫ్ట్ ఆఫీసులోనే ఓపెన్ డాక్యుమెంట్ ఫైళ్ళను తెరిచి, భద్రపరిచే అనుబంధ ప్రోగ్రాముల వైపు మొగ్గినది. 2007 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వారి ఓపెన్ ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపాన్ని కూడా ఆమోదిత జాబితాలో చేర్చినది.

ఈ వివాదం వలన ఒక మేలు జరిగినది. 2006 డిసెంబరులో ఐబీఎం సంస్థ తాను రూపొందించిన ఐ-యాక్సెసిబుల్2 అనే మార్గాన్ని అందరూ వాడుకొనేందుకు ఇచ్చివేసినది. పాత యాక్టివ్ యాక్సెసిబిలిటీలో లేని వివరాలు, అనగా పొడవైన పాఠ్యం, పట్టికలు, వాటి గడులు మొదలైన వాటి సమాచారం, దీని ద్వారా స్క్రీన్ రీడర్‌కు అందుతుంది. ఫైర్‌ఫాక్స్ దీనిని స్వీకరించినది. ఓపెన్‌ఆఫీస్, లిబ్రెఆఫీస్‌లలోకి మాత్రం ఇది 2014లో గాని రాలేదు. అనగా లోపం బయటపడిన తరువాత దానిని సరిదిద్దేందుకు సుమారు 8 సంవత్సరాలు పట్టినది. ముందుగా ఆలోచించి చేర్చవలసినదానిని తరువాత అతుకు వేయబోతే ఎంత కాలహరణం జరుగుతుందో దీనివలన తెలుస్తున్నది.

వివిధ సాఫ్టువేర్ల పరిస్థితి

వ్రాతపని, లెక్కల పట్టికలు: మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్ ప్రోగ్రాములను అంధులు విస్తృతంగా వాడుతున్నారు. ఎక్సెల్‌లో బాణపు కీ నొక్కిన ప్రతిసారీ గడి చిరునామా, అందులోని విలువ, సూత్రం ఉంటే ఆ సంగతి వినిపిస్తాయి. గడులను కలిపివేసిన పట్టికలు, రంగుతో మాత్రమే తేడా చూపిన గడులు, వివరణ లేని గ్రాఫులు మాత్రం ఇబ్బంది కలిగిస్తాయి. "ఎర్ర రంగు గడులు నింపవలెను" అని వ్రాసి ఊరుకుంటే అంధులకు ఆ సూచన నిరుపయోగం. ఆఫీస్ 2007లో మెనూల స్థానంలో రిబ్బన్ వచ్చినప్పుడు, మెనూల వరుసను కంఠస్థం చేసుకొన్న అంధులు తెర అమరికను మరల మొదటి నుండి నేర్చుకోవలసి వచ్చినది. పాత కీల వరుసలు చాలావరకు పనిచేసేటట్లు ఉంచడం వారికి కొంత ఊరట కలిగించినది.

వెబ్ బ్రౌజర్లు: స్క్రీన్ రీడర్ వెబ్ పేజీని ఒక పొడవైన పత్రంగా మార్చుకొని చదువుతుంది. ఎన్‌వీడీఏ, జాస్ రెండింటిలోనూ హెచ్ అక్షరం నొక్కితే తరువాతి శీర్షికకు, టి నొక్కితే తరువాతి పట్టికకు, బి నొక్కితే తరువాతి బటన్‌కు వెళ్ళవచ్చును. చూపున్నవారు పేజీపై దృష్టి సారించి కావలసిన భాగాన్ని పట్టుకొన్నట్లు, వీరు శీర్షికల మీదుగా గెంతుతూ వెదుకుతారు. శీర్షికను శీర్షికగా గుర్తించకుండా కేవలం అక్షరాలను లావు చేసి పెట్టిన పేజీలో ఈ సౌకర్యం ఉండదు. పేజీ మొత్తం మొదటి నుండి చివరి వరకు వినవలసిందే.

పీడీఎఫ్ పత్రాలు: 2001లో వచ్చిన అక్రోబాట్ 5 నుండి పీడీఎఫ్‌లో శీర్షికలు, పేరాలు, పట్టికలు గుర్తించే ఏర్పాటు ఉన్నది. ఐనప్పటికీ కాగితాన్ని స్కాన్ చేసి అదే పీడీఎఫ్‌గా పెట్టడం నేటికీ మన కార్యాలయాలలో సర్వసాధారణం. అందులో ఉండేది అక్షరాల బొమ్మే గాని అక్షరాలు కావు. అక్షరాలను గుర్తించే సాఫ్టువేరుతో వాటిని మళ్ళీ పాఠ్యంగా మార్చుకోవచ్చును గాని తప్పులు దొర్లుతాయి. ఉత్తర్వులోని ఒక తేదీ, ఒక అంకె తప్పుగా వస్తే అది చిన్న తప్పు కాదు.

గణితం: సమీకరణాన్ని బొమ్మగా పెడితే స్క్రీన్ రీడర్ "బొమ్మ" అని మాత్రమే చెబుతుంది. మ్యాథ్ ఎమ్‌ఎల్ రూపంలో వ్రాస్తే లవం, హారం, ఘాతాంకం తేడా తెలిసేటట్లు చదువుతుంది. పూణేలో జన్మించి, ముంబయి ఐఐటీలోనూ, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలోనూ చదివిన అంధ శాస్త్రవేత్త టి. వి. రామన్ ఈ రంగంలో తొలితరం కృషి చేశాడు. గణిత పాఠ్యాన్ని చదివి వినిపించే ఆస్టర్ అనే వ్యవస్థ 1994లో ఆయన సమర్పించిన పరిశోధనా గ్రంథం విషయం. తరువాత ఆయన ఈమాక్స్‌స్పీక్ అనే మాటల డెస్క్‌టాప్‌ను కూడా రూపొందించాడు.

ప్రోగ్రామింగు: మూల సంకేతం పాఠ్యమే గనుక ఇది మొదటి నుండి అంధులకు అనువైన వృత్తులలో ఒకటి. విజువల్ స్టూడియో కోడ్ వంటి వాటిలో స్క్రీన్ రీడర్ కొరకు ప్రత్యేకమైన అమరిక ఉన్నది. ఐతే బొమ్మలు లాగి అమర్చడం ద్వారా ప్రోగ్రాములు తయారుచేసే పనిముట్లు చాలావరకు అందవు.

చరవాణి యాప్‌లు: వీటిలో తరచుగా కనబడే లోపం పేరు లేని బటన్లు. కుడి మూలన ఉన్న గుర్తు కొనుగోలు బుట్టయా, తొలగించే బటనా అన్నది చెప్పకుండా "బటన్, బటన్" అని మాత్రమే వినబడుతుంది. నొక్కి చూస్తే గాని తెలియదు. డబ్బుతో ముడిపడిన యాప్‌లో నొక్కి చూడడం ప్రమాదకరం.

తరచు ఎదురయ్యే ఆటంకాలు

* బొమ్మలకు వివరణ పాఠ్యం లేకపోవడం.
* దరఖాస్తులో పెట్టెకూ దాని పక్కనున్న మాటకూ సంబంధం కలపకపోవడం. అప్పుడు పేరు ఎక్కడ వ్రాయాలో, పుట్టిన తేదీ ఎక్కడ వ్రాయాలో తెలియదు.
* మౌస్‌తో మాత్రమే పనిచేసే మెనూలు, క్యాలెండర్లు.
* వంకర అక్షరాల బొమ్మను చూసి టైపు చేయమనే క్యాప్చాలు. మాటగా వినే మరొక మార్గం ఇవ్వకపోతే ఇవి అంధులకు మూసిన తలుపులే.
* తప్పు జరిగినప్పుడు ఆ పెట్టె అంచు ఎర్రబడడం తప్ప సందేశం ఏదీ వినబడకపోవడం.
* వినడానికి పట్టే సమయాన్ని లెక్కించకుండా పెట్టిన కాలపరిమితులు.
* కొత్త వెర్షనులో, అంతవరకు పనిచేసిన సౌకర్యం పనిచేయకుండా పోవడం.

చివరిది ప్రత్యేకంగా గమనించదగినది. అందుబాటు అనేది ఒకసారి సాధించి వదలివేసేది కాదు. ప్రతి మార్పుకూ మరల పరీక్షించుకోవలసినది.

వెబ్‌ఎయిమ్ సంస్థ 2019 నుండి ఏటా పది లక్షల వెబ్‌సైట్ల తొలి పేజీలను యంత్రంతో పరీక్షిస్తున్నది. 2019లో 97.8 శాతం పేజీలలో ప్రమాణాలకు విరుద్ధమైన లోపాలు దొరికాయి. 2025లో అది 94.8 శాతం. ఆరేళ్ళలో తగ్గినది 3 శాతం మాత్రమే. ఈ లోపాలలో అన్నీ ఒకే తీవ్రత గలవి కావు, అన్నీ అంధులకు సంబంధించినవీ కావు. ఐనప్పటికీ మార్పు ఎంత మందకొడిగా ఉన్నదో ఈ అంకెలు తెలుపుతాయి.

తెలుగు పాఠ్యం

తెలుగు చదివే అంధులకు పై చిక్కులతో పాటు మరొక చిక్కు కూడా కలదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుండి స్థానం ఉన్నప్పటికీ, చాలాకాలం పాటు పత్రికలు, ముద్రణాలయాలు, కార్యాలయాలు సొంత ఫాంట్లతో తెలుగును అచ్చువేశాయి. ఇటువంటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలను, అనగా తలకట్టు, గుడి, ఒత్తు వంటి వాటిని కూర్చి ఉంచుతారు. తెర మీద తెలుగు కనబడుతుంది గాని కంప్యూటరు దృష్టిలో అది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరుస. స్క్రీన్ రీడర్ దానిని అట్లాగే చదువుతుంది. చూపున్న పాఠకుడికి చక్కని తెలుగు వ్యాసం, అంధ పాఠకుడికి అర్థరహితమైన శబ్దాల పోగు. యూనికోడ్‌లో వ్రాసిన పాఠ్యానికి ఈ బాధ లేదు.

పాఠ్యం యూనికోడ్‌లో ఉంటే చాలదు, తెలుగు పలికే గొంతు కూడా ఉండాలి. ఎన్‌వీడీఏతో కలిసి వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ అనే ఉచిత ఉచ్చారణ యంత్రంలో తెలుగు ఉన్నది. ఉచ్చారణ కొంత యాంత్రికంగా ఉన్నా వేగంగా స్పందిస్తుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వారి ఉచ్చారణ యంత్రం తెలుగును మరికొంత సహజంగా పలుకుతుంది. బ్రెయిలీలో చదవదలచినవారికి, భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడిగా ఉన్న భారతి బ్రెయిలీ పద్ధతిలో తెలుగును చూపే ఏర్పాటు స్క్రీన్ రీడర్లలో ఉన్నది.

తెలుగు, ఇంగ్లీషు కలగలిసిన పాఠ్యంలో ఏ భాగం ఏ భాషలో ఉన్నదో గుర్తించి ఉంచితే స్క్రీన్ రీడర్ తగిన గొంతుకు తానే మారగలదు. గుర్తించనిచో ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలను వదలివేయడమో, తప్పుగా పలకడమో జరుగుతుంది.

ప్రమాణాలు, చట్టాలు

వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ వెబ్ పేజీలు అందరికీ అందేందుకు పాటించవలసిన మార్గదర్శకాలను 1999లో మొదటిసారి ప్రకటించినది. 2008లో రెండవ రూపం, 2018లో 2.1, 2023లో 2.2 వెలువడినవి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ శాఖలు కొనే సాఫ్టువేరు వికలాంగులకు అందుబాటులో ఉండాలన్న నిబంధన 2001 జూన్ నుండి అమలులోకి వచ్చినది. ప్రభుత్వం పెద్ద కొనుగోలుదారు గనుక కంపెనీలు దీనిని పట్టించుకొన్నాయి. ప్రైవేటు రంగంలో టార్గెట్ అనే వర్తక సంస్థ వెబ్‌సైటు అంధులకు పనికిరావడం లేదని అంధుల జాతీయ సమాఖ్య 2006లో దావా వేయగా, 2008లో 60 లక్షల డాలర్లతో రాజీ కుదిరినది. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన అందుబాటు చట్టం 2025 జూన్ 28 నుండి వర్తిస్తున్నది.

భారతదేశం వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2007 అక్టోబరులో ధ్రువీకరించినది. దానికి అనుగుణంగా వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 2016, ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండేటట్లు ప్రభుత్వాలు చర్య తీసుకోవాలని చెబుతున్నది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుండి మార్గదర్శకాలు ఉన్నాయి.

ఈ విషయంలో 2025 ఏప్రిల్ 30న భారత సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు వంటి వాటికి ఇంటర్నెట్ ద్వారా గుర్తింపు నిర్ధారణ జరిపేటప్పుడు కెమెరా ముందు కనురెప్పలు ఆర్పమనడం, ముఖాన్ని చట్రంలో సరిగా నిలపమనడం వంటివి తమ వల్ల కావడం లేదని యాసిడ్ దాడికి గురైనవారూ, ఒక అంధుడూ వేసిన వ్యాజ్యాలపై ఈ తీర్పు వెలువడినది. డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం క్రింద జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం పేర్కొని, 20 ఆదేశాలు జారీ చేసినది.

తయారీదారులు చేయదగినవి

ప్రోగ్రాము తయారైన తరువాత పైపూతగా అందుబాటును చేర్చవచ్చునని చెప్పే అనుబంధ సాఫ్టువేర్లు కొన్ని మార్కెట్లో ఉన్నాయి. ఒక్క పంక్తి సంకేతం చేర్చితే వెబ్‌సైటు ప్రమాణాలకు సరిపోతుందని ప్రచారం చేసిన యాక్సెసిబీ అనే సంస్థపై అమెరికా వాణిజ్య సంఘం 2025లో పది లక్షల డాలర్లు చెల్లించవలసినదిగా ఆదేశించినది. బొమ్మలను వర్ణించే కృత్రిమ మేధ ఇటీవల ఎంతో ఉపకరిస్తున్నది. ఐనప్పటికీ అది చెప్పేది ఊహ. బటన్‌కు తయారీదారు పెట్టిన పేరు ఊహ కాదు.

నిజానికి చేయవలసినది పెద్ద పని కాదు. ప్రతి బటన్‌కూ, పెట్టెకూ పేరు పెట్టడం, వ్యవస్థతో వచ్చే మామూలు పరికరాలనే వాడడం, ప్రతి పనీ కీబోర్డుతో జరిగేటట్లు చూడడం, శీర్షికలను శీర్షికలుగా గుర్తించడం, రంగుతో చెప్పినదానిని మాటతో కూడా చెప్పడం, తెలుగును యూనికోడ్‌లో వ్రాయడం ముఖ్యమైనవి. పరీక్షించడం కూడా సులభమే. మౌస్‌ను పక్కన పెట్టి, ఎన్‌వీడీఏను దించుకొని, తెరను ఆర్పివేసి, తాము తయారుచేసిన దరఖాస్తును తామే ఒకసారి నింపి చూడవచ్చును. అయితే దీనితో లోపాలన్నీ తెలియవు. రోజూ స్క్రీన్ రీడర్‌తో పనిచేసే అంధులనే పరీక్షకులుగా నియమించుకొన్న సంస్థలు, లోపాలను సాఫ్టువేరు విడుదలకు ముందే తెలుసుకోగలుగుతాయి.